వాణిజ్య సరళీకరణ, స్త్రీ పురుషుల ఉపాధి: నల్లగొండ, మహబూబ్‌నగర్ అనుభవాల నుంచి ఒక విమర్శ

1. పరిచయం

వాణిజ్య సరళీకరణ అంటే ఏమిటో, దానిని సమర్థించే సిద్ధాంతాలు ఏమిటో గత పాఠాలలో మీరు చదివారు. ఆ సిద్ధాంతాలు స్త్రీల ఉపాధి గురించి చెప్పే విషయాలను ఈ వ్యాసంలో పరీక్షిద్దాం. పరీక్షకు దక్షిణ తెలంగాణలోని రెండు పాత జిల్లాలు నల్లగొండ, మహబూబ్‌నగర్‌లను తీసుకుందాం. 2016 అక్టోబరు 11న ఇవి చిన్న జిల్లాలుగా విడిపోయాయి. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాకు కేంద్రం. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. మనం మాట్లాడుకునే కాలంలో ఎక్కువ భాగం ఉమ్మడి జిల్లాలదే కనుక పాత పేర్లనే వాడుతున్నాను.

ఈ వ్యాసం వాదన ఒక్కటే. ఈ రెండు జిల్లాలలో సరళీకరణ ప్రభావం ఉద్యోగాలు పెరగడంలోనో తగ్గడంలోనో మొదట కనిపించదు. నూలు ధర, విత్తనం ధర, భూమి ధర ద్వారా అది ఇంటిలోకి వస్తుంది. వచ్చాక ముందుగా లెక్కలోకి రాని స్త్రీ శ్రమ మీద పడుతుంది. ఉద్యోగాల సంఖ్యను మాత్రమే కొలిచే అధ్యయనం ఈ భారాన్ని చూడలేదు. కొలవని దానిని "ప్రభావం లేదు" అని రాయడం ఇటువంటి అధ్యయనాలలో తరచుగా జరిగే పొరపాటు.

2. నేపథ్యం: ఏమి మారింది?

1991కి ముందు మన దిగుమతి సుంకాలు ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉండేవి. కొన్ని వస్తువుల మీద 300 శాతానికి మించి ఉండేవి. 1991 జూలై తరువాత గరిష్ఠ సుంకం 150 శాతానికి దిగింది. 2007-08 నాటికి వ్యవసాయేతర వస్తువుల మీద 10 శాతానికి చేరింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. 2001 ఏప్రిల్ 1న చివరి 715 వస్తువుల మీద పరిమాణాత్మక ఆంక్షలు తొలగిపోయాయి. 2005 జనవరి 1 నుంచి వస్త్ర ఎగుమతుల కోటాల విధానం ముగిసింది.

చేనేతకు సంబంధించిన మార్పులు మరికొన్ని ఉన్నాయి. చేనేతకు మాత్రమే కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో వచ్చిన చట్టం కింద మొదట 22 రకాలు ఉండేవి. 1996లో వాటిని 11కు కుదించారు. స్పిన్నింగ్ మిల్లులు తమ నూలులో కొంత భాగాన్ని మగ్గాలకు పనికివచ్చే చిలప నూలుగా ఇవ్వాలన్న నిబంధన 50 శాతం నుంచి 2003లో 40కి, 2019లో 30కి తగ్గింది. వీటిలో కొన్ని విదేశీ వాణిజ్యానికి సంబంధించినవి, కొన్ని దేశీయ నియంత్రణల సడలింపులు. నేతగాని ఇంటి దగ్గర మాత్రం అవన్నీ కలిసే పనిచేశాయి.

ఇక ఉపాధి వర్గీకరణ. సంఘటిత రంగం వేరు, నియత ఉపాధి వేరు. పెద్ద కర్మాగారంలో కాంట్రాక్టు మీద ఊడ్చే మనిషి సంఘటిత రంగంలోనే ఉంటుంది. కానీ ఆమెకు సెలవు లేదు, భవిష్యనిధి లేదు, రేపటి పనికి హామీ లేదు. అందువల్ల ఆమె ఉపాధి అనియతం. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో 2003లో జరిగిన గణాంకవేత్తల సదస్సు ఈ తేడాను స్పష్టం చేసింది. మన దేశంలో అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ కమిషన్ ఇదే పద్ధతిలో లెక్కించి, 2004-05లో సుమారు 92 శాతం శ్రామికులు అనియత ఉపాధిలోనే ఉన్నారని తేల్చింది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. నియత ఉద్యోగాలు ఇంత తక్కువగా ఉన్న చోట "నియత ఉద్యోగాలు ఎన్ని పోయాయి?" అని అడిగితే సమాధానం చిన్నదిగానే వస్తుంది.

3. మూడు వాదనలు

మొదటిది పోటీ వాదన. గేరీ బెకర్ 1957లో ప్రచురించిన వివక్ష సిద్ధాంతం ప్రకారం, స్త్రీలను చిన్నచూపు చూసే యజమాని ఆ వివక్షకు ఖర్చు చెల్లిస్తాడు. మార్కెట్‌లో పోటీ పెరిగితే ఆ ఖర్చు భరించలేక వివక్ష మానుకుంటాడు. కాబట్టి సరళీకరణ స్త్రీలకు మేలు చేస్తుందని దీని సారాంశం.

రెండవది గై స్టాండింగ్ 1989లో చేసిన వాదన. ఎగుమతుల కోసం పోటీపడే పరిశ్రమలు తక్కువ వేతనానికి దొరికే స్త్రీలను ఎక్కువగా నియమించుకుంటాయి. అదే సమయంలో పురుషుల ఉద్యోగాలు కూడా స్త్రీల ఉద్యోగాల మాదిరిగా అభద్రంగా మారుతాయి. ఉపాధి స్త్రీకరణ అన్న మాటకు ఆయన ఇచ్చిన అర్థంలో ఈ రెండూ ఉన్నాయి.

మూడవది మన తెలుగు నేల మీదనే పుట్టిన వాదన. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలను అధ్యయనం చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. వారు అల్లిన లేసు విదేశాలకు వెళ్తుంది. కానీ వారిని కార్మికులుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా చూస్తారు. అలా చూడటమే వారి కూలిని అతి తక్కువ స్థాయిలో ఉంచుతుందని ఆమె చూపారు.

ఈ మూడింటినీ ఇప్పుడు మన జిల్లాలకు తీసుకువద్దాం.

4. పోచంపల్లి: చీర ఒకరిది, చేతులు ఎందరివి?

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం పరిసరాలలో నేసే ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకు వేరే గుర్తింపు కూడా దక్కింది. తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. అంటే ఈ ప్రాంతపు నేతకు విదేశీ వాణిజ్యం కొత్తది కాదు. కాబట్టి "బయటి మార్కెట్ వచ్చి చేనేతను పాడుచేసింది" అని ఒక్క మాటలో తేల్చడం చరిత్రకు సరిపోదు.

ఇక్కత్ చీర తయారీలో మగ్గం మీద కూర్చోవడం చివరి దశ మాత్రమే. అంతకు ముందు కండెలు చుట్టాలి, ఆసు పోయాలి, చిటికి కట్టాలి, రంగులు అద్దాలి, పడుగు సరిచేయాలి, అచ్చు అతకాలి. సాధారణంగా మగ్గం మీద పురుషుడు కూర్చుంటాడు. కండెలు, ఆసు వంటి పనులు స్త్రీలవి. ఆసు పోయడమంటే మేకుల వరుస మీద నూలును అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూసి ఈ పనికి యంత్రం తయారుచేశారు. 1999 నాటికి అది పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రంతో గంటన్నరలో పని ముగుస్తుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ విషయాన్ని ఆర్థికశాస్త్ర విద్యార్థిగా చూడండి. చీర బయటి మార్కెట్‌కు వెళ్లింది, దాని ధరను ఆ మార్కెట్ నిర్ణయించింది. ఆ చీరలోని 9,000 కదలికలకు మాత్రం విడిగా ధర లేదు. కూలి మగ్గం లెక్కన, పడుగు లెక్కన ఇంటిపెద్ద చేతికి వస్తుంది. జాతీయ నమూనా సర్వే వర్గీకరణలో ఇంటి వ్యాపారంలో సహాయకురాలికి 21 అనే సంకేతం, కేవలం ఇంటిపని చేసే స్త్రీకి 92 అనే సంకేతం ఉన్నాయి. ఆసు పోసే స్త్రీ 21లో పడుతుందా, 92లో పడుతుందా అన్నది సర్వేకు వచ్చిన మనిషి ప్రశ్న ఎలా అడిగాడు, జవాబు ఎవరు చెప్పారు అన్న దాని మీద ఆధారపడుతుంది. "మా ఆమె ఇంట్లనే ఉంటది" అని భర్త చెబితే ఆ కుటుంబంలో ఒక శ్రామికురాలు మాయమైనట్లే.

దీని ఫలితాన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇవి నిజమైన కూలి రేట్లు కావు, అర్థం కావడానికి ఊహించిన అంకెలు. ఒక పడుగుకు కూలి 10,000 రూపాయలు. నేయడానికి 200 గంటలు, ఇంటి స్త్రీ చేసే సన్నాహక పనికి 100 గంటలు పడుతుందనుకుందాం. నూలు ధర పెరిగింది. సావుకారు కూలిని 9,000కు తగ్గించాడు. అంతకుముందు తాను విడిగా కూలి ఇచ్చి చేయించే 50 గంటల పనిని కూడా ఇంటివాళ్లనే చేసుకోమన్నాడు. నేత గంటలను మాత్రమే లెక్కిస్తే గంటకు 50 రూపాయలు 45 అయ్యాయి. తగ్గుదల 10 శాతం. అందరి గంటలూ లెక్కిస్తే 300 గంటలకు వచ్చిన సుమారు 33 రూపాయలు, 350 గంటలకు సుమారు 26 అయ్యాయి. తగ్గుదల దాదాపు 23 శాతం. మిగిలిన తేడా అంతా స్త్రీ గంటలలో దాగి ఉంది. ఉపాధి సంఖ్య చూస్తే ఒక్క ఉద్యోగం కూడా పోలేదు.

అయితే మార్పులన్నీ ఒకే వైపు సాగాయని అనుకోవద్దు. 2011-12 బడ్జెట్‌లో ముడి పట్టు మీద దిగుమతి సుంకం 30 నుంచి 5 శాతానికి తగ్గింది, 2013లో మళ్లీ 15కు పెరిగింది. చవకగా వచ్చిన పట్టు నేసేవారికి ఊరట. అదే పట్టు మల్బరీ సాగుచేసి పురుగులను పెంచే కుటుంబానికి దెబ్బ. పురుగులకు ఆకు వేసే పనిలోనూ స్త్రీల చేయి పెద్దది. ఒకే సుంకం ఒక ఇంటి స్త్రీకి మేలు, మరో ఇంటి స్త్రీకి కీడు చేసింది. "స్త్రీల మీద ప్రభావం" అని ఏకవచనంలో రాయడం ఎందుకు పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

జాతీయ చేనేత గణనలను చూడండి. 1995-96లో సుమారు 65.5 లక్షల మంది కార్మికులు, 2009-10లో 43.3 లక్షలు, 2019-20లో 35.2 లక్షలు. చివరి గణనలో 70 శాతానికి పైగా స్త్రీలే. దీనిని చూసి "చేనేత స్త్రీల రంగం" అని చాలామంది రాస్తారు. కానీ ఆ స్త్రీలలో పెద్ద భాగం ఈశాన్య రాష్ట్రాలలో స్వయంగా మగ్గం మీద నేసేవారు. ఆ శాతాన్ని తెచ్చి పోచంపల్లికి అతికిస్తే, మగ్గం పురుషుడిది, సన్నాహం స్త్రీది అన్న ఇక్కడి అమరిక కనిపించదు. జాతీయ సగటును జిల్లాకు వాడేముందు ఆ సగటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

5. గద్వాల: పత్తి పువ్వు దగ్గర ప్రపంచ మార్కెట్

మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల పేరు చెప్పగానే నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు జోడించిన నేత గుర్తొస్తుంది. ఆ చీరలు నేసే ఊళ్ల పక్కనే మరో ఉత్పత్తి పెద్దఎత్తున పెరిగింది. అది సంకర పత్తి విత్తనం. 1988 నూతన విత్తన విధానం, 1991 సంస్కరణలు విదేశీ పెట్టుబడికి దారి తెరిచాయి. 1998లో అమెరికా సంస్థ మోన్‌శాంటో మహికో కంపెనీలో 26 శాతం వాటా తీసుకుంది. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి లభించింది.

సంకర విత్తనం యంత్రంతో తయారు కాదు. సాయంత్రం ఒక్కొక్క మొగ్గను విప్పి కేసరాలు తీసివేయాలి. మర్నాడు ఉదయం మరో రకం పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. గద్వాల పల్లెల్లో దీనిని క్రాసింగు అంటారు. రెండు మూడు నెలల పాటు ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఈ పనిలో పెద్ద సంఖ్యలో బడి ఈడు ఆడపిల్లలను పెట్టారు. "చిన్న చేతులు, సన్నని వేళ్లు" అన్నది చెప్పిన కారణం. దావులూరి వెంకటేశ్వర్లు 2003లో, ఆ తరువాత చేసిన అధ్యయనాలు అసలు కారణాన్ని వెలికి తీశాయి. కంపెనీ ఆర్గనైజరు ద్వారా రైతుతో ఒప్పందం చేసుకుని విత్తనానికి ధర ముందే నిర్ణయిస్తుంది. ఆ ధరలో పెద్దవారికి మార్కెట్ కూలి చెల్లిస్తే రైతుకు మిగిలేది లేదు. అందుకే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లను పొలానికి తెచ్చుకున్నాడు.

ఇక్కడ బెకర్ వాదనను పరీక్షించండి. పోటీ పెరిగింది, పెట్టుబడి వచ్చింది, ఆడపిల్లలకు పని కూడా పెరిగింది. కానీ వివక్ష తగ్గలేదు. కారణం, ఇక్కడ వివక్ష యజమానికి ఖర్చు కాదు. అదే అతని లాభానికి ఆధారం. కంపెనీకీ పొలానికీ మధ్య ఆర్గనైజరు, రైతు అనే రెండు మెట్లు ఉన్నాయి. పై మెట్టు నియతం, కింది మెట్టు అనియతం. ధర నిర్ణయించే అధికారం పైన, కార్మిక చట్టం ఉల్లంఘించిన నింద కింద. "సరళీకరణ వల్ల స్త్రీలకు ఉపాధి పెరిగింది" అని రాసే పట్టికలో ఈ పనిదినాలు కూడా చేరవచ్చు. బడి మానిన ఏడాది మాత్రం ఏ పట్టికలోనూ చేరదు.

అధ్యయనాలు, విదేశాల్లో వచ్చిన ఒత్తిడి, స్థానిక ప్రచారం కలిసి తరువాతి ఏళ్లలో కంపెనీలను కొంత మేరకు బాధ్యత తీసుకునేలా చేశాయి. కిందిస్థాయి శ్రమకు పై మెట్టును బాధ్యురాలిని చేయడం సాధ్యమేనని దీనివల్ల తెలుస్తుంది.

6. పోలేపల్లి, పాలమూరు: కర్మాగారం వచ్చిన చోట

"సరే, నియత ఉద్యోగాలు ఇచ్చే కర్మాగారాలు వస్తే?" అని మీరు అడగవచ్చు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి చూడండి. పారిశ్రామిక ప్రాంతం కోసం అక్కడి దళిత, లంబాడ, వెనుకబడిన కులాల చిన్న రైతుల భూములు తీసుకున్నారు. అది తరువాత ప్రత్యేక ఆర్థిక మండలి అయింది. ఎగుమతి మార్కెట్ కోసం పనిచేసే ఔషధ కర్మాగారాలు వచ్చాయి. వాటిలో నియత ఉద్యోగాలు ఉన్న మాట నిజం. రసాయనశాస్త్రం చదివిన యువతీ యువకులకు అవి అందాయి. ఆ భూమిని దున్నిన స్త్రీకి ఆ చదువు లేదు. నిర్వాసిత కుటుంబాలలోని చాలామందికి అదే ఆవరణలో ఊడ్చే పని, తోటపని, కాపలా వంటి కాంట్రాక్టు పనులే దక్కాయి. ఒకప్పుడు పొలంలో ఏ పంట వేయాలో మాట చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు హాజరు పుస్తకంలో కాంట్రాక్టరు పేరు కింద ఒక అంకె. గణాంకాల ప్రకారం ఆమె వ్యవసాయం నుంచి సంఘటిత రంగానికి "పైకి" వెళ్లింది.

స్టాండింగ్ వాదనలో మొదటి సగం ఇక్కడ సరిగా నిలవదు. తిరుప్పూరు, బెంగళూరులలో వేలాది స్త్రీలను తీసుకున్న స్థాయి దుస్తుల పరిశ్రమ ఈ రెండు జిల్లాలలో ఏర్పడలేదు. కోటాలు ముగిసిన ప్రయోజనం ఇక్కడి స్త్రీలకు నేరుగా అందలేదు. రెండవ సగం మాత్రం బాగా సరిపోతుంది. పాలమూరు కూలీలు మేస్త్రీ చేతి కింద దేశమంతటా ఆనకట్టలు, రోడ్లు, భవనాలు కట్టారు. ఈ వలస 1991 కంటే చాలా పాతది. దానిని సరళీకరణ ఖాతాలో వేయడం తప్పు. కరువు, అప్పు, నీటి కొరత దానికి మూలాలు. కానీ సరళీకరణ తరువాత నగరాల్లో పెరిగిన నిర్మాణం ఈ పాత పద్ధతిని రద్దు చేయలేదు, వాడుకుంది. మేస్త్రీ భార్యాభర్తలను జోడీగా తీసుకుంటే అడ్వాన్సు ఇద్దరి పేర ఒక్కటే, అది చేరేది భర్త చేతికి.

పోల్చడానికి మరో అనుభవం ఉంది. 2006 ఫిబ్రవరిలో మొదలైన ఉపాధి హామీ పథకం తొలి విడత జిల్లాలలో ఈ రెండూ ఉన్నాయి. స్త్రీ పురుషులకు ఒకే రేటు, ఎవరి పనికి వారి పేరున నమోదు. పని శాశ్వతం కాకపోయినా, స్త్రీ పేరు కాగితం మీదికి వచ్చింది. ఊరిలో కూలి బేరానికి అది ఒక ఆధారమైంది.

7. సిద్ధాంతాల మీద తీర్పు

మీస్ దృష్టి మన జిల్లాలకు అన్నింటికంటే దగ్గరగా ఉంది. ఆసు పోసే స్త్రీ, లేసు అల్లే స్త్రీ ఇద్దరూ "గృహిణి" అన్న మాట వెనుక దాగినవారే. అయినా ఆ చట్రాన్ని యథాతథంగా తీసుకోకూడదు. నరసాపురం స్త్రీకి కొద్దిదైనా తన లేసుకు తన కూలి ఉంది, పోచంపల్లి స్త్రీకి విడి కూలే లేదు. నరసాపురంలో గోషా, ఇంటి పరువు స్త్రీని లోపల ఉంచాయి. గద్వాలలో పని చేసింది పొలంలో, చేసింది ఎక్కువగా పేద దళిత, వెనుకబడిన కులాల పిల్లలు. అక్కడ కులం, వయసు కలపకుండా లింగభేదం ఒక్కదానితో వివరణ పూర్తికాదు.

పరిమాణాత్మక అధ్యయనాల గురించి కూడా ఒక మాట. పేటియా టోపలోవా 2010లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన, సుంకాల తగ్గింపు ప్రభావం ఎక్కువగా పడిన గ్రామీణ జిల్లాలలో పేదరికం మిగతా చోట్ల కంటే నెమ్మదిగా తగ్గిందని చూపింది. విలువైన పని. కానీ ఏ జిల్లా మీద ఎంత ప్రభావమో కొలవడానికి ఆమె వాడింది 1991 జనగణనలో నమోదైన పరిశ్రమల వారీ ఉపాధి. ఆ జనగణనలో కుటుంబ వృత్తిలో జీతం లేని పనిని కూడా చెప్పమని ప్రశ్నలోనే చేర్చారు, అది మంచి మార్పు. అయినా జవాబులో రాని స్త్రీ కొలతలోనూ రాదు. స్త్రీ శ్రమ ఎక్కువగా, నమోదు తక్కువగా ఉన్న జిల్లా ఈ పద్ధతిలో ఉన్నదానికంటే తక్కువ ప్రభావితమైనదిగా కనిపించే ప్రమాదం ఉంది. పద్ధతిని తోసిపుచ్చమని నేను అనడం లేదు. ఆ కొలత లోపలికి ఎవరు రాలేదో తెలుసుకుని చదవమంటున్నాను.

8. సారాంశం

నమోదు అన్నది గణాంక సమస్య మాత్రమే కాదు. గుర్తింపు కార్డు, నూలు రాయితీ, సహకార సంఘ సభ్యత్వం, బీమా అన్నీ "కార్మికుడు ఎవరు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు మీదనే నడుస్తాయి. మార్కెట్ దెబ్బ తగిలినప్పుడు పరిహారం జాబితా ప్రకారం వస్తుంది. జాబితాలో లేని మనిషికి నష్టం ఉంటుంది, పరిహారం ఉండదు. అందుకే సరళీకరణ మంచిదా చెడ్డదా అన్న చర్చకు ముందు, ఒక వస్తువు తయారీలో ఎవరి గంటలు ఎన్ని, ఆ గంటలు ఎవరి పేర నమోదయ్యాయి, ధర పడినప్పుడు ఎవరి గంటలు పెరిగాయి అని అడగండి. మీలో చాలామంది ఇటువంటి ఇళ్ల నుంచే చదువుకుంటున్నారు. రేపు సర్వే చేసేవారిగానో, ఉపాధ్యాయులుగానో, సంఘం కార్యదర్శులుగానో ఈ ప్రశ్నలు అడిగే అవకాశం మీకు వస్తుంది. అప్పుడు జవాబు ఇంటిపెద్దను మాత్రమే కాక, పని చేసే మనిషిని కూడా అడిగి రాసుకోండి.

9. మాదిరి ప్రశ్నలు

1. సంఘటిత రంగానికీ నియత ఉపాధికీ గల తేడాను పోలేపల్లి ఉదాహరణతో వివరించండి.

2. పోటీ పెరిగితే వివక్ష తగ్గుతుందన్న వాదనను గద్వాల పత్తి విత్తనోత్పత్తి అనుభవం ఆధారంగా విమర్శించండి.

3. నరసాపురం లేసు కార్మికురాలినీ పోచంపల్లిలో ఆసు పోసే స్త్రీనీ పోల్చండి.

4. క్షేత్రకార్యం: మీ ఊరిలో బయటి మార్కెట్‌కు సరుకు తయారుచేసే ఒక కుటుంబాన్ని ఎంచుకోండి. ఇంటిలోని ప్రతి ఒక్కరితో విడివిడిగా మాట్లాడి, ఒక రోజులో ఎవరు ఎన్ని గంటలు ఏ పని చేశారో పట్టిక రాయండి. ఇంటిపెద్ద చెప్పిన లెక్కకూ, మీ పట్టికకూ ఉన్న తేడాను ఒక పేజీలో చర్చించండి.